గడ్డ తవ్వితే నేరం, బోరు తవ్వితే ప్రగతి!

నల్లమలలో పులికి ప్రాణాపాయం ఎవరి వల్లో తెలుసా? తేనె తుట్టె కోసే చెంచు గిరిజనుడి వల్ల! గడ్డలు తవ్వుకునే ముసలమ్మ వల్ల! ఎంత భయంకరమైన ముఠా! ఒంటి మీద సరైన గుడ్డ లేదు గానీ అడవినంతా మింగేస్తోందట.

1983లో ఈ అడవి పులుల అభయారణ్యమైంది. మంచిదే. పులి బతకాలి. పులి పక్కనే పుట్టి పెరిగినవాడు ఎలా బతకాలన్నదే ఏ ఫైల్లోనూ కనబడదు.

చట్టం లేదనుకునేరు. బ్రహ్మాండంగా ఉంది! 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుడికి అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కే ఇచ్చింది. తేనె, బంక, కుంకుళ్లు ఏరుకోవచ్చు, అమ్ముకోవచ్చు. తాతల నాటి నుంచి పడుతున్న నీళ్లలో చేపలు పట్టుకోవచ్చు. అభయారణ్యంలో కూడా. వేట మాత్రం కూడదంది. సరే, చెంచు విల్లు మూలన పెట్టాలి. మరి మీరేం మూలన పెట్టారు సార్? చట్టాన్ని!

అసలు తేనె ఎలా తీస్తారో చూశారా? కొండ అంచు నుంచి తాడు మీద దిగుతాడు. కింద లోయ. చుట్టూ పొగ, ఈగల మోత. పైన తాడు పట్టేది బావమరిది. తోడబుట్టినదాని తాళి తెంపడన్న ధీమా! అంత కష్టపడీ తుట్టె మొత్తం కోసుకోడు, ఈగలకు కొంత వదులుతాడు. గడ్డ తవ్వినా మళ్లీ మొలవడానికి కొంత మట్టిలోనే ఉంచుతాడు. ఏసీ హాల్లో జీడిపప్పు నములుతూ 'సుస్థిర వినియోగం' అని మనవాళ్లు సెమినార్లు పెట్టేది దీని గురించే. అదే తాడు అటవీ శాఖ చేతిలో ఉంటే ఎవడైనా దిగుతాడా?

ఇక పెద్దల తవ్వకాలు చూడండి. 2019లో నల్లమలలోని అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఊ కొట్టింది. ప్రతిపాదనలో 4,000 బోర్లు! అప్పుడు పులి నిద్ర చెడదా? జనం గగ్గోలు పెడితే గానీ తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించలేదు.

2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. జూ, సఫారీ, పర్యాటక సదుపాయాలు 'అటవీయేతర' పనులు కావట! అంటే జీపులో వచ్చి సెల్ఫీ దిగితే సంరక్షణ. కాలినడకన వచ్చి కుంకుళ్లు ఏరితే ఆక్రమణ. భేష్!

2024లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ దేశవ్యాప్తంగా లెక్క తీసింది. పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు. తరలింపు త్వరగా కానివ్వండని రాష్ట్రాలకు తాకీదు. ముందు హక్కులు తేల్చాలని, గ్రామసభ ఒప్పుకోవాలని అటవీ హక్కుల చట్టం చెబుతోంది కదా? చెబితే చెప్పనివ్వండి, చట్టానికేం పని! కుటుంబానికి 15 లక్షలు పడేస్తే పోలా?

తమాషా ఏమిటంటే, పులి అడుగుజాడ కనిపెట్టడానికి ఆ చెంచే కావాలి. డ్యూటీలో ఉంటే ట్రాకరు. డ్యూటీ దిగితే చొరబాటుదారు!

హక్కు పత్రాలు ఇస్తారా? గ్రామసభ మాట వింటారా? అదీ చేతకాకపోతే ఓ పని చేయండి. ఆ చట్టం ప్రతుల్నే అటవీ ఫలసాయంగా ప్రకటించండి. చెంచులు ఏరుకుని గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కి కిలోల లెక్కన తూకం వేసుకుంటారు!