పది సంస్థలు, ఒక బస్తీ: ఐకమత్యానికి చిట్కాలు

పేదపిల్లల చదువు కోసం ఒకే సంస్థ పట్టుబట్టి పనిచేస్తే, ఆ పిల్లలు నిజంగానే చదువుకునే ప్రమాదం ఉంది. అందుకే కూటమి కట్టండి. పదిమంది చేరితే పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు. పాము చావకపోతేనే కదా ప్రాజెక్టు వచ్చే ఏడాదికీ సాగేది!

మొదటి మీటింగు బస్తీలో పెట్టకండి. అక్కడ ఏసీ ఉండదు, పైగా బస్తీవాళ్లు వచ్చి కూర్చుంటారు. నగరం నడిబొడ్డున మంచి హోటల్లో పెట్టుకోండి. ఎజెండాలో పిల్లల సంగతి భోజనాల తర్వాతకు వేసి, ముందు బ్యానర్ సంగతి తేల్చండి. ఎవరి లోగో ఎడమవైపు, ఎవరిది కుడివైపు, ఎవరిది ఎంత సైజు అన్నది చిన్న విషయం కాదు. దానికో ఉపసంఘం వేయండి.

తర్వాత పిల్లల్ని ఎంచుకోవాలి. కారు పోయే దారి ఉన్న బస్తీలో, ఇప్పటికే రోజూ బడికి పోతున్న పిల్లలు శ్రేష్ఠం. ఇటుక బట్టీల జోలికి మాత్రం పోకండి. రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి జిల్లాల బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. పంట కోతలయ్యాక వచ్చి, వానలకు ముందు వెళ్లిపోతాయి. విద్యా సంవత్సరం సగం అక్కడ, సగం ఇక్కడ. ఆ పిల్లలకు తెలుగు రాదు. ఒడియా చెప్పే టీచరు కావాలి, ఒడియా పుస్తకాలు తెప్పించాలి, రెండు రాష్ట్రాల విద్యాశాఖలతో మాట్లాడాలి, బట్టీ యజమానిని ఒప్పించాలి, ఊరికి తిరిగి వెళ్లాక బడిలో చేరారో లేదో అక్కడి సంస్థను కనుక్కోమనాలి. ఇంత పెట్టుకుంటే కూటమి కూటమిలాగే పనిచేయాల్సి వస్తుంది. మనం అనుకున్నది అది కాదు కదా.

సాయం ఏ రూపంలో చేయాలి? సందేహమే వద్దు, స్కూలు బ్యాగులే. ప్రభుత్వ బడిలో పాఠ్యపుస్తకాలు, యూనిఫాం సర్కారే ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే కిట్‌లో బ్యాగు, బూట్లు కూడా వస్తాయి. అయినా మీరు బ్యాగులే ఇవ్వండి. బ్యాగు ఫొటోలో పడుతుంది, దాని మీద లోగోకు చోటుంటుంది. సాయంత్రం లెక్కలు చెప్పే మాస్టారి జీతం ఏ ఫొటోలోనూ పడదు. అయిదు సంస్థలు ఇస్తే అయిదు బ్యాగులు ఎక్కువైపోతాయన్న బెంగ వద్దు: ఒకటి పిల్లకు, ఒకటి తండ్రి సద్దిడబ్బాకు, మిగిలినవి ఉల్లిపాయలకూ ఆధార్ కార్డులకూ. పంచాల్సింది మార్చి నెలాఖరున. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. బడి జూన్‌లో తెరుస్తారన్నది బడివాళ్ల గొడవ.

ఇక లెక్కలు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి ఉందనుకుందాం. సోమవారం మీ ట్యూషన్, మంగళవారం వేరేవాళ్ల జీవన నైపుణ్యాలు, బుధవారం ఇంకొకరి ట్యాబ్ క్లాసు, శనివారం హెల్త్ క్యాంపు, ఆదివారం ముఖ్య అతిథికి స్వాగత నృత్యం. హోంవర్కుకు తీరిక లేకపోతే పోయింది, అయిదు నివేదికల్లో అయిదుగురు లబ్ధిదారులయ్యారు. ఈ అద్భుతం నిలవాలంటే పేర్ల జాబితా ఒకరికొకరు చూపించుకోకూడదు. ఎవరైనా అడిగితే పిల్లల గోప్యత అనండి.

కొందరు ఎంవీ ఫౌండేషన్ పేరెత్తి మిమ్మల్ని చెడగొట్టబోతారు. 1991లో రంగారెడ్డి జిల్లాలో ఆ సంస్థ తరఫున శాంతా సిన్హా బృందం బాల కార్మికుల మధ్య పని మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అని మొండిపట్టు పట్టింది. శిబిరాల్లో చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో సర్కారు బడికే పంపింది. సర్పంచులు, ఊరి కుర్రాళ్లు, తల్లిదండ్రులు, చివరికి పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాములు కూడా అందులో దిగారు. ప్రభుత్వ టీచర్లయితే బాల కార్మిక విమోచన వేదిక అని సొంతంగా పెట్టుకున్నారు. 2003లో సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది నిజమే. కానీ అన్ని ఊళ్లవాళ్ల లోగోలు ఏ బ్యానర్ మీద పడతాయి చెప్పండి?

బడి యాజమాన్య కమిటీకి దూరంగా ఉండండి. విద్యాహక్కు చట్టం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. వాళ్లు కూలి నుంచి వచ్చి, వంట చేసుకొని, రాత్రి ఎనిమిదికి గాని దొరకరు. పైగా బ్యాగుల మాట వదిలేసి, టీచరు ఎందుకు రావడంలేదని, మరుగుదొడ్డికి నీళ్లెందుకు లేవని అడుగుతారు. పిల్ల బడి మానేసి పనిలో చేరిందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి హడావుడి చేయకండి. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెడితే చాలు.

ఎవరైనా మరీ నిలదీస్తే చట్టం మీదికి తోసేయండి. 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం ప్రకారం ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి పడిపోయింది. పెద్ద సంస్థ నీడన బతికిన చిన్న సంస్థలకు ఇది నిజంగా గట్టి దెబ్బే, ఇందులో వేళాకోళం లేదు. అయితే పిల్లల జాబితా పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి, ఒకే గంటలో పడ్డ రెండు ట్యూషన్లలో ఒకటి మార్చుకోవడానికి పైసా అక్కర్లేదన్న మాట మాత్రం మీటింగులో ఎవరినీ ఎత్తనీయకండి.

దాతలకూ ఒక మనవి. డిసెంబరులో అమెరికా నుంచి వచ్చినప్పుడు ఆదివారమే రండి, బడి మూసి ఉంటుంది కాబట్టి ఫొటోలకు అడ్డం ఉండదు. నిరుడు మీ దగ్గర చదివిన పిల్లల్లో ఈ ఏడు ఎందరు బడిలో ఉన్నారు అని మాత్రం అడగకండి. ఆ లెక్క పది సంస్థల్లో ఏ ఒక్కరి దగ్గరా లేదు.