ఇంటిసామాను సుంకము: స్వోపజ్ఞ టీకా తాత్పర్యములు

ఆ. రెండు వత్సరములు రేవు దాఁటి వసించి
యిల్లు సేర వచ్చు నింటివాఁడు
పాత్రలన్ని దెచ్చుఁ బన్ను లేకుండఁగ;
టీవిఁ దెచ్చెనేని ఠీవి దొలఁగు.

అవతారిక: పద్యము నాది, వ్యాఖ్యయు నాదే. పండితులు వ్యాఖ్యానించినచో లేని యర్థమును తీయుదురనియు, సుంకపు టధికారులు వ్యాఖ్యానించినచో ఉన్న యర్థమును తీసికొందురనియు శంకించి ఈ పనికి నేనే పూనుకొంటిని. దీనికి ఆకరము భారత ప్రభుత్వము వెలయించిన 2016 నాటి బ్యాగేజి నియమావళి. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి, 2026 ఫిబ్రవరిలోఁ గ్రొత్త నియమావళి వచ్చువఱకు అమలులో నుండెను; ఇందలి లెక్కలన్నియు దాని కాలమునాటివి. పరదేశమునఁ బెట్టిన కాపురము నెత్తివేసి స్వదేశమునకు మరలువారి సామానునకు మినహాయింపు లందుఁ జెప్పఁబడినవి. ఈ మరలుటను ఏజెంట్లు ‘టీ.ఆర్.’ (ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్) అందురు.

టీక: రెండు వత్సరములు = రాకకు ముందటి రెండేండ్లు; ఎన్నఁడో యౌవనమునఁ గడపినవి చెల్లవు. రెండు మాసముల వఱకు కొఱవడినచో, కారణము వ్రాసి యిచ్చి సహాయ కమిషనరుగారి దయకుఁ బాత్రులు కావచ్చును.

రేవు దాఁటి వసించి = దాఁటి, దాఁటినచోటనే ఉండి యనుట. నడుమ నడుమ వచ్చిపోయిన దినములన్నియుఁ గూడి ఆఱు మాసములకు మించరాదు. చెల్లెలి పెండ్లికి వచ్చి, ఆషాఢము గడచువఱకు ఆఁగి, పిమ్మట తండ్రి కంటి ఆపరేషనుకని మరల వచ్చిన బుద్ధిమంతుఁడు, తన సద్గుణములే తన లెక్కను మించినవని విమానాశ్రయమునఁ దెలిసికొనును. అతనిని మన్నించుటకు సహాయ కమిషనరు చాలఁడు, కమిషనరే కావలెను. దీనిచే బంధుప్రీతి చిన్న తప్పు కాదని సూచితము.

ఇంటివాఁడు = గృహస్థుఁడు. ఇది ఉపలక్షణము, ఇల్లాలిని గూడ గ్రహింపవలెను. గ్రహింపనిచో నష్టము గృహస్థునకే. ఏలయనఁగా ఏఁడాదికి మించి విదేశమున నున్న పురుషునకు 20 గ్రాముల నగలు, 50,000 రూపాయల విలువకు లోఁబడి, అనుమతింపఁబడఁగా, స్త్రీకి 40 గ్రాములు, లక్ష రూపాయలు అనుమతింపఁబడినవి. లక్షను నలుబదిచే భాగించినచో గ్రాము 2,500 రూపాయలగును. బంగారము ఆ ధరకు దొరకు దినములు గతించినవి గనుక, తూనికకు ముందే విలువ యడ్డుపడి, ఆమె మెడలోని నల్లపూసల గొలుసు సైతము వివాదాస్పద మగుచుండెను. నలుబది గ్రాములను మాట త్రాసుకు మాత్రమే ఆనందదాయకము.

పాత్రలన్ని = ఇదియు ఉపలక్షణమే. కుక్కరు, ఇడ్లీ పాత్ర, ఇక్కడనే కొని అక్కడకు మోసికొనిపోయి మరల మోసికొనివచ్చు గ్రైండరు, మంచములు, పుస్తకములు ఇందుఁ జేరును. ‘అన్ని’ యనఁగా 5 లక్షల విలువ వఱకు మాత్రమే అని సంకోచించి చెప్పికొనవలెను. మూఁడేండ్ల లోపల ఒకమాఱు ఈ వరమును వాడుకొన్నవారికి రెండవమాఱు లేదు. వాషింగు మెషీను, మైక్రోవేవు, 300 లీటర్ల వఱకు ఫ్రిజ్జు ఇందుఁ జేరినవి. అంతకు మించిన ఫ్రిజ్జు వేఱొక పట్టికలోఁ బడి తగ్గింపు సుంకమున కీడ్వఁబడును. అమెరికాలో సామాన్యుని ఫ్రిజ్జు 300 లీటర్ల లోపల నుండుట అరుదు. కారు సామాను కాదని చట్టమే నిర్వచించినది. అచ్చటి వాషింగు మెషీను 120 వోల్టులకు, ఇచ్చటి కరెంటు 230 వోల్టులకు నగుటచే, సుంకము లేకుండ వచ్చినది పని చేయకుండ మూలఁ గూర్చుండుటయు సంభవమే. నియమావళి దీని విషయమున మౌనము వహించినది.

టీవి = ఇచ్చట గొప్ప పూర్వపక్ష మున్నది. నియమావళి మొదటి అనుబంధమున, అనఁగా మినహాయింపు లేని వస్తువుల పట్టికలో, తుపాకులు, తూటాలు, నూఱింటికి మించిన సిగరెట్లు, రెండు లీటర్లకు మించిన మద్యము, వీని సరసనే పలుచని తెర టీవి కూర్చుండఁబెట్టఁబడినది. రెండవ అనుబంధమున, పెద్ద ఫ్రిజ్జు పడిన తగ్గింపు సుంకపు పట్టికలోనే, ‘రంగుల టీవి’ యున్నది. పలుచని టీవియు రంగులదే కదా, దానికి ఈ మృదుస్థానము చెల్లదా యని ఆక్షేపము. చెల్లదు, సామాన్యవిధికంటె విశేషవిధి బలీయమని సమాధానము. రంగు సామాన్యము, పలుచదనము విశేషము. ఇదివఱకు బ్యాంకాకునుండి దుబాయినుండి చంకఁ బెట్టుకొని వచ్చినవారికి ఈ టీవి యుచిత సామానుగానే యుండెను. రూపాయి దిగజారుచున్న 2013 ఆగస్టు 26నుండి ఆ భాగ్యము తొలఁగినది. నూటికి 35 వంతులు సుంకము, 2018 నుండి ఆ సుంకముపైఁ బదియవ వంతు సర్‌ఛార్జి, వెరసి 38.5. లక్ష రూపాయల టీవికి 38,500.

ఠీవి దొలఁగు = సూట్‌కేసులు తోసికొనుచు దర్జాగా వచ్చిన గృహస్థుఁడు, మోఁకాళ్లపైఁ గూర్చుండి, అట్టపెట్టె టేపు ఊడఁదీయుచు, ‘వాడినదే సార్, పాతది సార్’ అని దానిని తానే నిందించుట. కొన్ననాఁడు స్నేహితులయెదుట దానిని పొగడిన నోరే యిది.

తాత్పర్యము: స్పష్టము.

విశేషము: నాలవ పాదమునకు ‘టీవి నమ్మెనేని ఠీవి నిలుచు’ అని పాఠాంతర మున్నది. యతి రెంటను సమముగానే కుదిరినది గనుక ఛందస్సు సాయపడదు. అనుభవజ్ఞులు మాత్రము ఈ పాఠమునే ఆదరింతురు. అయినను ఒక చిక్కు మిగిలియున్నది. బయలుదేఱుటకు వారము ముందు ఆ టీవిని సగము ధరకుఁ గొనువాఁడు సాధారణముగా ఆ యపార్టుమెంటులోనే పైయంతస్తున నున్న మఱియొక తెలుగువాఁడు. అతఁడును వచ్చే వేసవికి ఇల్లు సేర నెంచినవాఁడే.