మంచు కురిస్తేనే వార్త

జనవరి చలిలో వాషింగ్టన్ వీధుల్లో నడవాలంటే గట్టి కారణమే ఉండాలి. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పు 1973 జనవరి 22న వచ్చింది. దానికి నిరసనగా సాగే ‘మార్చ్ ఫర్ లైఫ్’కి కూడా ఆ నెలే రాసిపెట్టి ఉంది. నెల్లీ గ్రే అనే కథోలిక లాయరు 1974లో దీన్ని మొదలుపెట్టారు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన విచారణల (పారిష్‌ల) బస్సులు, జపమాలలు, గురువిద్యార్థులు, మఠకన్యలు, హైస్కూలు పిల్లలు. ముందురోజు రాత్రి అమలోద్భవ మాత బసిలికాలో జాగరణ పూజ. ఇదంతా ఏటా జరుగుతుంది. అదే దాని పాపం. ఏటా జరిగేది వార్త కాదన్నది న్యూస్‌రూమ్ ధర్మశాస్త్రం. ఆస్కార్ అవార్డులకు మాత్రం మినహాయింపు ఉంది.

ఆ శాస్త్రం ఎంత నిష్ఠగా అమలైందో 1990లో బయటపడింది. అంతకు ముందటి ఏడాది ఏప్రిల్‌లో గర్భస్రావ హక్కు కోసం వాషింగ్టన్‌లో భారీ ప్రదర్శన జరిగితే వాషింగ్టన్ పోస్ట్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి కథనాల మీద కథనాలు వేసింది. న్యూయార్క్ టైమ్స్‌లో సుప్రీంకోర్టు వార్తలు రాసే లిండా గ్రీన్‌హౌస్ అయితే రాయడంతో సరిపెట్టుకోక ఆ ప్రదర్శనలో తానూ నడిచారు. మరుసటి ఏప్రిల్‌లో అవతలి పక్షం సభ పెట్టింది. పోలీసుల లెక్కన జనం రెండు లక్షలు. పోస్ట్ దాన్ని మెట్రో విభాగంలోకి, అంటే మన జిల్లా ఎడిషన్‌లాంటి చోటికి పంపింది. పత్రికకు మచ్చ వచ్చిందని ఆ పోస్ట్ అంబుడ్స్‌మన్ రిచర్డ్ హార్వుడే రాశారు. తర్వాత లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో డేవిడ్ షా నాలుగు భాగాల పరిశోధన రాసి, గర్భస్రావ వార్తల్లో మొగ్గు ఎటు ఉందో ఉదాహరణలతో సహా పరిచారు.

మేత్రాణులూ (బిషప్పులూ) తక్కువ తినలేదు. సరిగ్గా ఆ 1990లోనే అమెరికా కథోలిక మేత్రాణుల సమాఖ్య హిల్ అండ్ నోల్టన్ అనే పేరుమోసిన ప్రచార సంస్థను లక్షల డాలర్లతో కుదుర్చుకుంది. రెండు వేల ఏళ్లుగా సువార్త చెప్పుకుంటూ వచ్చిన సంస్థకు పీఆర్ ఏజెన్సీ కావలసి వచ్చిందన్నమాట. ఆ ఏజెన్సీ ఉద్యోగుల్లోనే చాలామంది ఇదేం బేరమని గొడవ చేశారు.

జనం లెక్కల సంగతి సరేసరి. నిర్వాహకుల కళ్లకు మనుషులు రెట్టింపుగా కనిపించడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. 1995లో మిలియన్ మ్యాన్ మార్చ్ తలల లెక్క మీద రచ్చ జరిగాక, నేషనల్ పార్క్ సర్వీస్ ఆ లెక్కలు చెప్పడమే మానుకుంది. అప్పట్నుంచి ఎవరి నోటికొచ్చిన అంకె వాళ్లది. పత్రికలు ‘వేలాది’ అంటాయి, నిర్వాహకులు ‘లక్షలాది’ అంటారు.

మరి ఈ మార్చ్ వార్తల్లోకి ఎప్పుడూ ఎక్కలేదా అంటే, ఎక్కింది. మార్చ్ కాకుండా ఇంకేదో జరగాలి, అంతే. 2016లో మంచు తుపాను ఆ పని చేసిపెట్టింది. ఇళ్లకు తిరిగి వెళ్తున్న బస్సులు పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద గంటల తరబడి చిక్కుకుపోయాయి. పిల్లలు మంచు పోగుచేసి బలిపీఠం కట్టారు, గురువులు రోడ్డు పక్కనే దివ్యబలిపూజ చేశారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. సుప్రీంకోర్టు దాకా వాళ్లు ఎందుకు నడిచారన్నది ఫొటో కింద వ్యాఖ్యకు మిగిలింది.

2019లో మంచు అవసరమూ పడలేదు, ఒక టోపీ చాలింది. కెంటకీలోని కోవింగ్టన్ కథోలిక స్కూలు పిల్లలు మార్చ్ ముగించుకుని లింకన్ మెమోరియల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డారు. ట్రంప్ నినాదం ఉన్న ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు, ఎదురుగా డోలు వాయిస్తున్న మూలవాసి పెద్దాయన. చిన్న వీడియో ముక్క బయటికొచ్చింది. కుర్రాడి నవ్వుకు దేశం మొత్తం టీకా తాత్పర్యాలు రాసింది. స్కూలూ మేత్రాసనమూ మరుసటి రోజే పిల్లల్ని ఖండించాయి. పూర్తి వీడియోలు వచ్చి కథ తిరగబడ్డాక, వారం తిరక్కుండానే మేత్రాణులు క్షమాపణ చెప్పారు. ఆ కుర్రాడు వేసిన పరువు నష్టం దావాలను సీఎన్ఎన్, పోస్ట్ 2020లో రాజీ చేసుకున్నాయి. ఎంతకన్నది బయటికి రాలేదు. ఏళ్ల తరబడి కెమెరా కోసం మొక్కుకున్న మార్చ్‌కి దేవుడు ఇచ్చిన వరం ఇది.

మంచూ టోపీ కాకుంటే ఇక నాయకులే దిక్కు. 2017లో, తన ప్రమాణస్వీకారానికి వచ్చిన జనం లెక్క మీద విలేకరులతో కీచులాడుతున్న ట్రంప్, పత్రికలు ఈ మార్చ్‌ని పట్టించుకోవని టీవీలో వాపోయారు. 2020లో స్వయంగా వచ్చారు. ఈ మార్చ్‌లో ప్రత్యక్షంగా మాట్లాడిన తొలి అధ్యక్షుడు ఆయనే. అదే సమయంలో సెనేట్‌లో ఆయన మీద అభిశంసన విచారణ నడుస్తోంది. కెమెరాలు పోటెత్తాయి, ఆయన కోసం.

ఇరుపక్షాలకూ ఇబ్బందైన కథోలికులు వేరే ఉన్నారు. అమెరికా కథోలికుల్లో పదిమందికి దాదాపు ఆరుగురు, గర్భస్రావం అన్ని సందర్భాల్లోనో ఎక్కువ సందర్భాల్లోనో చట్టబద్ధంగా ఉండాలంటారని ప్యూ సర్వేలు చెబుతాయి. ఆ సంగతి వేదిక మీద ఎవరూ ఎత్తరు. ఉరిశిక్షనూ గర్భస్రావాన్నీ ఒకే గాట కట్టి వ్యతిరేకించే కథోలికుడేమో పత్రికల డెస్కుకు కొరుకుడు పడడు. అతన్ని కుడి పేజీలో వేయాలా, ఎడమ పేజీలో వేయాలా?

రో తీర్పును 2022లో సుప్రీంకోర్టే కొట్టేసినా మార్చ్ ఆగలేదు. 2025 జనవరి 24న కథోలిక మతం పుచ్చుకున్న ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ వేదికెక్కారు. ఉషా చిలుకూరి పుణ్యమా అని తెలుగు పత్రికలు ఆయన్ని అప్పటికే పశ్చిమ గోదావరి వడ్లూరు అల్లుణ్ని చేసేశాయి. అమెరికాకు ఇంకా ఎక్కువమంది పిల్లలు కావాలని అల్లుడుగారు సెలవిచ్చారు, చప్పట్లు మోగాయి. జనవరి 26న సీబీఎస్ చానల్‌లో కూర్చుని, వలసదారుల విషయంలో మేత్రాణుల బాధ మానవత్వం గురించా, ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బు గురించా అని అడిగారు. న్యూయార్క్ కార్డినల్ డోలన్ తన రేడియో కార్యక్రమంలో మండిపడ్డారు. ఈసారి మేత్రాణులకు పత్రికల్లో కావలసినంత చోటు దొరికింది. అప్పటికి బస్సులన్నీ ఊళ్లకు చేరిపోయాయి.