కడుపునొప్పికి కల్యాణ మండపం

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు ఊరికే కంగారు పడుతున్నారు. ఎండోమెట్రియోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదట! మా వీధికి వచ్చి అడిగితే చెప్పేవాళ్లం కదా: "పెళ్లి చేసేయండి, అన్నీ అవే సర్దుకుంటాయి."

పదో తరగతి పిల్ల నెలనెలా మంచం మీద మెలికలు తిరిగిపోతుంటే అమ్మమ్మ వాము నమలమంటుంది. మందుల షాపు కుర్రాడు చీటీ అడక్కుండానే మెఫ్టాల్ పట్టీ కత్తిరించి ఇస్తాడు. "మేం పడలేదా ఏంటి?" అంటుంది మేనత్త. పడింది పాపం. ఆవిడకున్నదీ ఈ జబ్బేనేమో, అప్పుడు చూసిందెవరు?

ఎండోమెట్రియోసిస్ అంటే ఇదీ: గర్భసంచి లోపలి పొరలాంటిదే సంచి దాటి అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరుగుతుంది. నెలసరి హార్మోన్లకు అదీ ఉబ్బుతుంది, రక్తమూ కారుస్తుంది. ఆ రక్తానికి బయటికి దారి లేదు. లోపల వాపు, మచ్చలు. పోనుపోను అవయవాలే ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. దొడ్డికి కూర్చుంటే నొప్పి, మొగుడు దగ్గరికొస్తే నొప్పి. ఇవి డాక్టరుకు చెప్పాలి. కానీ పక్క కుర్చీలో అత్తగారుంటారు. ఈమె చెప్పదు, డాక్టరు అడగడు. మామూలు స్కానింగులో అండాశయంలోని చాక్లెట్ సిస్టు (పాత రక్తం నిండిన తిత్తి) కనబడుతుందేమోగానీ, చిన్న చిన్న మచ్చలు చాలాసార్లు చిక్కవు. "నార్మల్" అన్న కాగితం ఇంటికొచ్చిన పూట నుంచీ నొప్పి కాస్తా నటన అయిపోతుంది.

ప్రపంచంలో దాదాపు 19 కోట్ల మందికి ఈ జబ్బుందని అంచనా. అంటే 19 కోట్ల మంది నటీమణులన్నమాట, పారితోషికం లేకుండా! జబ్బు పేరు తేలడానికి సగటున 4 నుంచి 12 ఏళ్లు పడుతోంది. ఈలోపు మన పెళ్లి మందు వేసేస్తాం. తగ్గలేదా? రెండో డోసు: బిడ్డను కనమ్మా. కనడానికే ఈ జబ్బు అడ్డుపడవచ్చు. అయితేనేం, మందు చెప్పిన నోళ్లే పేరంటంలో "ఇంకా ఏం విశేషం లేదా?" అని ఆరా తీస్తాయి.

మూడో డోసు, సంచి తీయించేసుకో. ఇందులో మనల్ని మించినవాళ్లు లేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. తెలంగాణ కూడా ఆ వరుసలోనే ఉంది. నిజంగా అవసరమై తీయించుకునేవాళ్లను నేననడం లేదు. కానీ సంచి తీసేసినా, పేగు మీద పెరిగింది పేగు మీదే ఉంటుంది కదండీ!

పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా హార్మోను మాత్రలున్నాయి, అవసరమైతే లాప్రోస్కోపీ ఆపరేషన్ ఉంది. చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. మీ పిల్ల నెలనెలా బడి మానేస్తుంటే, మాత్రకు కూడా నొప్పి లొంగకపోతే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. "ఎండోమెట్రియోసిస్ ఏమో చూడండి" అని మీరే అడగండి. ఆ తర్వాత లేచి కాసేపు బయట కూర్చోండి, పిల్లను మాట్లాడనివ్వండి.