ఏ బంగారంరా, ఏ మేడారంరా

మా చెల్లె కొడుకు ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే మొన్నటిదాకా 'సాఫ్ట్‌వేర్' అని ఊరుకునేవాణ్ని. 2026 జనవరిలో మేడారం జాతరకు పోయి, డేరా వేసుకుని మూడు రాత్రులు కలిసి ఉన్నాక అసలు సంగతి తెలిసింది. వాడు యంత్రానికి చీటీలు రాస్తాడు. ఏఐ ఏజెంట్ అని ఒకటి వచ్చిందట. టికెట్లు తీసే ప్రోగ్రాము, సరుకులు తెప్పించే ప్రోగ్రాము, ఇలా దేన్ని పడితే దాన్ని వాడుకుని తనంతట తానే పని చక్కబెడుతుందట. ఏ ప్రోగ్రాము ఎందుకు, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడొద్దు అన్నది మావాడు రాసిపెట్టాలి. దీనికి జీతం!

మా రోజుల్లో రాసిపెట్టినవాడెవడు? వరంగల్ ఆర్‌ఈసీలో చదివి కోబాల్ రాసి బతికినవాణ్ని నేను. ఉద్యోగంలో చేరిన రోజు చేతికిచ్చిన మ్యానువల్ ఇటుకంత ఉంది. 'తేదీ' అన్నచోట ఏం వివరించారో తెలుసా? 'ఇక్కడ తేదీ ఇవ్వాలి' అని. రోజు ముందా, నెల ముందా? సీనియర్‌ను అడగాలి. ఆయన చాయ్‌కి పోయాడంటే ఆ పూట పోయినట్టే. తప్పు జరిగితే 'సిస్టం అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి' అని తెర మీద పడేది. ఆ అడ్మినిస్ట్రేటర్‌ను నేనే.

యూనిక్స్ వాళ్లను మాత్రం ఒక్క మాట అనను. 1971లో థాంప్సన్, రిచీ తెచ్చిన మొదటి మ్యానువల్‌లోనే కమాండుకింత అని పొట్టిగా రాసి, అడుగున 'బగ్స్' అని ఒక శీర్షిక పెట్టారు. ఇది ఫలానా చోట పనిచేయదని తామే ఒప్పుకునేవాళ్లు. ఆ మర్యాద తర్వాత ఎక్కడా చూడలేదు.

మావాడు యాత్రలు తిప్పే ఒకాయన కోసం ఏజెంట్ తయారుచేస్తున్నాడు. "చూడు మామా" అని ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. ఆంత్రోపిక్ అనే కంపెనీ 2024 నవంబరులో తెచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతట. ప్రోగ్రాము పేరు, అది చేసే పని, దానికి ఇవ్వాల్సిన వివరాలు. చూపుకు శుభ్రంగానే ఉంది. చదివితే నవ్వొచ్చింది.

'ఊరు: మేడారం.' ఏ మేడారంరా? పెద్దపల్లి జిల్లా ధర్మారం మండలంలో నంది మేడారం ఉంది, కాళేశ్వరం పంపుహౌస్ ఉన్నది. మన సమ్మక్క మేడారం తాడ్వాయి వైపు. పోనీ జిల్లా పేరు చేరిస్తే తీరుతుందా? పాత కాగితాల్లో వరంగల్. 2016లో జయశంకర్ భూపాలపల్లి. 2019 నుంచి ములుగు. నేనైతే ఇప్పటికీ వరంగల్ అనే అంటా. చంకలో కోడిపుంజును చూసి ఏ మేడారమో కండక్టర్ పోల్చుకుంటాడు. యంత్రానికి పుంజు కనబడదు.

'జాతర: రెండేళ్లకోసారి, ఫిబ్రవరిలో.' 2020, 2022, 2024 మూడుసార్లూ ఫిబ్రవరే కదా అని రాసేశాడు. మాఘ పున్నమి చూసుకుని వచ్చే జాతర అది. ఈసారి జనవరి 28ననే మొదలైంది. ఆ జాతరలో కూర్చునే ఫిబ్రవరి అని రాశాడు చూడండి, పిల్లగాడు! "నెల తీసెయ్. తేదీల పట్టిక చూసి చెప్పమను. పట్టికలో లేకుంటే తెలియదనమను" అన్నాను. ఆ చివరి మాట రాయకపోతే ఏదో ఒక తేదీ ధైర్యంగా చెప్పేస్తుందట. మా ఆఫీసులోనూ ఉండేవాళ్లు లెండి అలాంటివాళ్లు.

అసలు గొడవ బంగారం దగ్గరొచ్చింది. 'బంగారం సమర్పణ: పరిమాణం ఇవ్వండి' అని ఉంది. "అత్తకు ఎత్తు బంగారం మొక్కుంది, ఏర్పాటు చెయ్" అని వాడు పరీక్షకు అడిగాడు. అది బరువెంతో అడక్కుండా అరవై కిలోలనుకుని, ఇరవై నాలుగు క్యారెట్ల ధర కట్టి, కోట్లలో బిల్లు చూపించింది. మేడారంలో బంగారమంటే బెల్లమని గద్దెల దగ్గర అయిదేళ్ల పిల్లనడిగినా చెప్తుంది. ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొచ్చే కోయ వడ్డెలు ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారు? పెద్దవాళ్ల వెనక నడిచి నేర్చుకున్నారు. ఏజెంట్‌కు ముందు నడిచేవాళ్లెవరూ లేరు.

కీబోర్డు నేనే లాక్కున్నాను. 'ఇక్కడ బంగారం అంటే బెల్లం. నగల బంగారం గురించి అడిగితే దీన్ని వాడొద్దు. మొక్కున్న మనిషి బరువు కిలోల్లో ఇవ్వాలి. బరువు తెలియకపోతే అడుగు, ఊహించకు.'

"ఇంత మంచిగ రాస్తవా మామా!" అన్నాడు. సంతోషం కన్నా కడుపుమంటే ఎక్కువైంది నాకు. 'వాడొద్దు' అన్న ఆ ఒక్క వాక్యం కోసం ఉద్యోగం చేసినన్నాళ్లూ బతిమాలుకున్నాం. మనుషులే కదా, అర్థం చేసుకోండి అన్నారు. ఇప్పుడేమో మనిషి కాదు పాపం, అర్థం చేసుకోలేదని దానికి కూర్చుని రాస్తున్నారు!

మళ్లీ అడిగి చూశాడు. ఈసారి బుద్ధిగా 'మొక్కు ఉన్నవారి బరువెంత?' అంది. మావాడు వాళ్లత్త వైపు తిరిగాడు. ఆవిడ ఒడిబియ్యం మూట కట్టుకుంటూ తలెత్తలేదు.

"కాంటా మీద కూసున్నంక అదే తెలుస్తది. దానికెందుకు చెప్పాలె?"

ఆ చీటీ అడుగున ఇప్పుడొక శీర్షిక ఉంది, నేనే పెట్టించాను. బగ్స్: బరువు చెప్పరు.