సఖినేటిపల్లిలో బాస్కెట్‌బాల్ ఆటగాడు: స్వరూప స్వభావ పరిశీలన

వృత్తిపరమైన బాస్కెట్‌బాల్ ఆటగాడంటే అమెరికాలో కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేసేవాడు; మన దేశంలో హాజరుపట్టీలో సంతకం చేసేవాడు. ఇక్కడ ఈ ఆటను నమ్ముకొని బతికేవారిలో అధికభాగం రైల్వేలు, బ్యాంకులు, పోలీసు శాఖ, సైన్యం వంటి చోట్ల స్పోర్ట్స్ కోటా కింద, అంటే మైదానంలో చూపిన ప్రతిభనే అర్హతగా లెక్కగట్టి ఇచ్చే ఉద్యోగాలలో, చేరినవారే. వారు ఉదయం సాధన చేసి, మధ్యాహ్నం ఫైళ్ళ ముందు కూర్చొని, పోటీల కాలంలో సంస్థ పేరు వీపు మీద వేసుకొని ఊళ్ళు తిరుగుతారు. ఈ వర్గంలో సఖినేటిపల్లి నుంచి వెళ్ళి సికింద్రాబాదులోనో విశాఖపట్నంలోనో స్థిరపడి, సంక్రాంతికి, అంతర్వేది తీర్థానికి, తప్పించుకోలేని పెళ్ళిళ్ళకు మాత్రమే ఊరికి వచ్చే ఆటగాడు ప్రత్యేక పరిశీలనకు అర్హుడు. ఇక్కడ వర్ణించినది ఒక రకాన్నే గాని ఒక మనిషిని కాదు. అయినా ఈ లక్షణాలన్నీ ఒకే మనిషివని బంధువర్గంలో కొందరికి తోచవచ్చు, ఆ అనుమానాన్ని తీర్చడం ఈ రచన ఉద్దేశాలలో లేదు.

ఇతని స్వభావం అర్థం కావాలంటే ముందు ఆ నేల అర్థం కావాలి. పడమట వశిష్ఠ గోదావరి, దక్షిణాన అంతర్వేది దగ్గర సాగరసంగమం, నడుమ కొబ్బరితోటలు, చేపల చెరువులు ఉన్న ఈ ప్రాంతంలో వేసవికి ఇసుకగా, వానలకు బురదగా మారే నేల మీద కొట్టిన బంతి మళ్ళీ చేతికి రాదు. బాస్కెట్‌బాల్ మొత్తం నేలకు కొట్టిన బంతి చేతికి తిరిగి వస్తుందన్న నమ్మకం మీదనే నడుస్తుంది. బంతిని అలా కొట్టుకుంటూ ముందుకు సాగడాన్నే డ్రిబ్లింగ్ అంటారు. దానికి 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గట్టి నేల కావాలి, రెండు కొసలా 3.05 మీటర్ల ఎత్తున ఇనుప రింగూ దాని వెనుక పలకా కావాలి. వాలీబాల్‌కైతే రెండు కొబ్బరిచెట్లు, ఒక నెట్టు, సాయంత్రం వేళ పనిలేని పన్నెండు మంది చాలు. కోనసీమలో నెట్టుకు తప్ప మిగిలిన రెండింటికీ ఎన్నడూ కరువు లేదు.

కాబట్టి ఇతడు పుట్టుకతోనే అల్పసంఖ్యాకుడు, అల్పసంఖ్యాకులకు చరిత్ర మీద మక్కువ ఎక్కువ. 1895లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోల్యోక్‌లో విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు, నడివయసు వ్యాపారులకు బాస్కెట్‌బాల్ మరీ ఆయాసం తెప్పిస్తున్నదని గ్రహించి, వారికోసం తేలికైన ఆటగా వాలీబాల్‌ను రూపొందించాడన్నది నిజం. ఈ నిజాన్ని మన ఆటగాడు సరిగ్గా నెట్టు కట్టే వేళకు తోటలోకి వెళ్ళి, నెట్టు కడుతున్నవారికే వినిపిస్తాడు. తన ఆట పుట్టుకను ఇంకా విస్తారంగా చెబుతాడు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికి బయట ఆడలేక గోల చేస్తున్న విద్యార్థుల కోసం, వ్యాయామశాల పైవరండా కమ్మీకి రెండు పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి, 13 నియమాలు రాసి ఆట మొదలుపెట్టాడు. ఆ కమ్మీ పదడుగుల ఎత్తున ఉండబట్టే రింగు నేటికీ పదడుగుల ఎత్తునే ఉన్నది. బుట్టలకు అడుగు తీయలేదు కనుక బంతి పడినప్పుడల్లా నిచ్చెన వేసి తెచ్చుకోవలసి వచ్చేది. కొబ్బరి దింపు తెలిసిన ఊళ్ళో ఈ ఘట్టం చెబితే శ్రోతలకు కలిగే సందేహం ఒక్కటే, పదడుగులకు నిచ్చెన ఎందుకని. ఆ వైఎంసీఏల ద్వారానే ఆట మన దేశంలోనూ పాదుకొన్నది. హైదరాబాదు నారాయణగూడలోని వైఎంసీఏ కోర్టు పేరు పలికేటప్పుడు ఇతడు గొంతు తగ్గించడం గమనించదగినది.

అయితే బాస్కెట్‌బాల్ చరిత్ర మొత్తంలో సఖినేటిపల్లి వారికి విడమరచనవసరం లేకుండా అర్థమయ్యే అధ్యాయం ఒకటున్నది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు తొలిసారి చోటు దొరికినప్పుడు నిర్వాహకులు పోటీలను ఆరుబయట మట్టి, ఇసుక కలిసిన టెన్నిస్ కోర్టుల మీద పెట్టగా, ఫైనల్ నాడు కుండపోత వాన కురిసి, కొట్టిన బంతి కొట్టినచోటే కూరుకుపోయి, అమెరికా కెనడా మీద 19-8తో గెలిచింది. ఆగస్టు నెలలో కోనసీమలో ఏ ఆటకైనా వచ్చే స్కోరు అంతేనని శ్రోతలు తల ఊపుతారు. భారత జట్టు ఒలింపిక్స్‌లో ఆడినది 1980లో మాస్కోలో ఒక్కసారే, అదీ అనేక దేశాలు బహిష్కరించిన ఏడాది. పాల్గొన్న పన్నెండు జట్లలో పన్నెండవ స్థానం వచ్చింది. ఈ విషయాన్ని మన ఆటగాడు "ఒలింపిక్స్‌లో పన్నెండో స్థానమండి" అని సగర్వంగా చెప్పి, ఎన్ని జట్లన్న ప్రశ్న రాకముందే పంజాబ్‌లోని బల్లోకే అనే పల్లె నుంచి వెళ్ళిన ఏడడుగుల రెండంగుళాల సత్నాం సింగ్‌ను 2015లో అమెరికా జట్టు డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్న ముచ్చటకు దాటిపోతాడు. ఆరడుగుల పైచిలుకు ఎత్తుతో ఊళ్ళో అందరి కంటె పొడగరి అయిన ఇతడు తాడిదన్నేవాడి తలదన్నేవాడొకడు ఉంటాడని ఒప్పుకొనేది ఆ ఒక్క సందర్భంలోనే.

ఇతనికి అసలు గాయం వేరే ఉన్నది. అమలాపురం నుంచి వెళ్ళిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడల్లో, మరుసటి ఏడాది హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చి, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో షటిల్‌ను కొట్టి గిన్నిస్ రికార్డులకెక్కిన తరువాత, కోనసీమలో క్రీడాకారుడన్న ప్రతివాడినీ ఆ కొలతతోనే తూచడం మొదలైంది.

"ఏం బాబూ, మన సాత్విక్ టీవీలో కనబడతాడు, నువ్వెప్పుడు కనబడతావు?"

"ఆయ్, మాదీ వస్తుందండి, యూట్యూబులో వస్తుందండి."

"ఎంతమంది చూస్తారేంటి?"

ఈ మూడవ వాక్యం తరువాత ఇతడు వంగి బూటు తాడు సరిచేసుకోవడం తప్పనిసరి, అది ముడి వీడి ఉన్నా లేకున్నా. ఒకే మాట ఇతనికీ ఊరికీ రెండు లోకాలను చూపుతుందనడానికి ఓఎన్‌జీసీ మరొక నిదర్శనం: కోనసీమ వారికి ఆ సంస్థ అంటే పైపులైన్లు, తాటిపాక రిఫైనరీ, 1995లో పాశర్లపూడిలో రెండు నెలలు దాటినా ఆరని బావి మంట, ఇతనికి మాత్రం భారత జట్టుకు నాయకత్వం వహించి 2020కి అర్జున పురస్కారం పొందిన విశేష్ భృగువంశీ ఆడిన జట్టు. గ్యాస్ లీకైందని ఎవరైనా కంగారుపడుతుంటే ఆ సంస్థ డిఫెన్స్ ఎంత గట్టిదో ఇతడు చెప్పబోవడం విజ్ఞతకు లక్షణం కాదు.

వేషధారణ విషయం కొంత నిదానంగా చూడవలసి ఉన్నది. 1980ల వరకు ఈ ఆటగాళ్ళ నిక్కర్లు తొడల దగ్గరే ఆగిపోయేవి. మైకేల్ జోర్డాన్ పొడవైనవి కావాలన్నాడు, 1990ల ఆరంభంలో మిషిగన్ విశ్వవిద్యాలయ కుర్రాళ్ళు వాటిని ఇంకా దించారు, ఆ దిగుడు మోకాళ్ళు దాటి సఖినేటిపల్లికి చేరేసరికి అది లాగూయో పైజమాయో తేల్చడం పెద్దలకు సాధ్యం కాలేదు. 2005లో ఎన్‌బీఏ, అనగా అమెరికాలో ఈ ఆటకు తలమానికమైన లీగ్, తన కమిషనర్ డేవిడ్ స్టెర్న్ హయాంలో ఆటగాళ్ళు మైదానం బయట గొలుసులు, టోపీలు మాని మర్యాదైన బట్టలు కట్టాలని నిబంధన పెడితే, వారు ఆ నిబంధననే ఆసరా చేసుకొని స్టేడియంలోకి నడిచివచ్చే దారిని ఫ్యాషన్ ప్రదర్శనగా మార్చేశారు. పెళ్ళికి పట్టుపంచె కట్టమని తల్లి అడిగినప్పుడు మన ఆటగాడు మొదట డేవిడ్ స్టెర్న్‌ను తలచుకొని నిరసన తెలిపి, తరువాత ఆ ఆటగాళ్ళను తలచుకొని రాజీపడి, పట్టుపంచె కింద ఎర్రని జోర్డాన్ బూట్లతో బయలుదేరుతాడు. మండపం ఎక్కాలంటే బూట్లు విప్పాలి గనుక భోజనాల వేళ దాకా మండపం కింద మెట్టు దగ్గరే, బూట్లు నలుగురికీ ఆనే చోట నిలబడతాడు.

1985 నుంచి అమ్మకంలో ఉన్న ఈ జోర్డాన్ బూట్ల పట్ల ఇతని నిష్ఠ ప్రత్యేకమైనది. వాటిని పాత పళ్ళ బ్రష్షుతో, రూపాయి షాంపూతో, అడుగున ఉన్న ప్రతి గాడినీ విడివిడిగా తోమి, నీడలో ఆరబెట్టి, పెట్టెతో వచ్చిన తెల్ల కాగితంలోనే చుట్టి, తేమ పీల్చే గుళికల పొట్లాన్ని కూడా పారవేయకుండా లోపల పెడతాడు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి ఏరు దాటించే పంటు మీద, అంటే మనుషులనూ మోటారు వాహనాలనూ కలిపి మోసే బల్లకట్టు మీద, చెక్కలు తడిగా ఉంటాయి కాబట్టి ఎక్కే ముందే బూట్లు విప్పి చంకలో పెట్టుకొని వట్టికాళ్ళతో నిలబడతాడు. ఆ బూట్లు నేలను తాకిన గంటల కంటె చేతుల్లో ప్రయాణించిన గంటలే ఎక్కువ కావచ్చు.

ఇతని జీవితదృక్పథానికి మూలసూత్రం షాట్ క్లాక్. బంతి చేతికి వచ్చిన జట్టు నిర్ణీత వ్యవధిలో రింగుకేసి విసరకపోతే బంతి ఎదుటివారి పరమవుతుంది. ఆ వ్యవధిని చూపే గడియారమే షాట్ క్లాక్. అది లేని రోజుల్లో ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని అట్టిపెట్టుకొని కాలక్షేపం చేసేది. 1950లో ఫోర్ట్‌వేన్ జట్టు మినియాపోలిస్ మీద 19-18తో గెలిచిన మ్యాచ్ ఆ రోగానికి పరాకాష్ఠ. 1954లో సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ ఒక లెక్క వేశాడు: మ్యాచ్‌కు 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు; చూడముచ్చటగా సాగిన మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి వేసే షాట్లు సుమారు 120; భాగిస్తే 24 సెకన్లు. ఈ 24 సెకన్ల నియమం సంబంధాలు మాట్లాడే సభలకు కూడా వర్తించాలని మన ఆటగాడి సిద్ధాంతం. అక్కడ పెద్దలు ముందు కాఫీలు, తరువాత కొబ్బరికాయ ధర, ఆ తరువాత రొయ్యల చెరువుల తెగులు, ఎవరి అల్లుడు కువైట్ నుంచి ఎప్పుడు వచ్చాడన్నది ముగించి, అసలు మాట ఎత్తేసరికి పొద్దు వాలుతుంది. ఇతడు మూలన కూర్చొని గోడగడియారం చూస్తూ ‘వయొలేషన్’ అని గొణుగుతాడు. షాట్ క్లాక్ లేకపోవడమే కోనసీమ మర్యాదకు ఆధారమని పెద్దల ప్రతివాదన, అది కొట్టిపారవేయదగినది కాదు. పైగా తన సంబంధం దగ్గర అవునో కాదో చెప్పమన్నప్పుడు ఇదే ఆటగాడు బంతిని చంకన పెట్టుకొని ఏళ్ళ తరబడి కూర్చున్నాడన్నది ఆ ఇంట అందరికీ తెలిసిన సంగతే. ఈ వివరణ ఇక్కడ ఇంత చోటు ఆక్రమించడాన్ని బట్టి, అడగకుండా విశదీకరించే ఆ అంటువ్యాధి వ్యాసకర్తకు కూడా సోకిందని గ్రహించిన పాఠకులు క్షమించగలరు.

తక్కిన నియమాలు కూడా ఇతడు సందర్భానుసారం వాడతాడు. అంతర్వేది తీర్థంలో స్వామి రథం కదిలే వేళ జనసమ్మర్దంలో ఒక పాదం నేలకు బిగించి రెండవ పాదంతో చుట్టూ తిరగడం, అనగా పివట్, ఇతనికి నిజంగానే పనికొస్తుంది, వెంట వచ్చిన ముసలమ్మలకు దర్శనం కూడా దక్కుతుంది. పెళ్ళి భోజనాల దగ్గర మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్క అతిథిని కాక ఒక్కొక్క ప్రదేశాన్ని కాచుకొనే జోన్ డిఫెన్స్ పద్ధతిని వడ్డించేవారి మీద ప్రయోగించగా, రెండు వరుసల మధ్య సరిహద్దున కూర్చున్న మేనమామకు పులుసు ఎవరూ వేయలేదు.

ఇంతటి ఉపద్రవకారిని ఇల్లు ఎలా భరిస్తున్నదన్న ప్రశ్నకు సమాధానం అసిస్ట్ అనే మాటలో ఉన్నది. బుట్టలో బంతి వేసినవాడికి పాయింట్లు దక్కితే, ఆ బంతిని సరైన క్షణంలో అందించినవాడి ఖాతాలో పడేది అసిస్ట్; మన ఆటగాడు రింగు కింద నిలబడి పేరు తెచ్చుకొనేవాడు కాడు, బంతి అందించేవాడు. ఊళ్ళో కూడా అంతే. చెల్లెలి పరీక్ష దరఖాస్తు, బాబాయి పింఛను కాగితం, పక్కింటి కుర్రాడికి స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ ఏ తేదీతో ముగుస్తుందన్న కబురు ఇతని చేతి మీదుగానే నడుస్తాయి, ఎవరి ఖాతాలోనో పాయింట్లు పడతాయి. ఎత్తు కూడా ఇంటి ఆస్తియే: సంక్రాంతికి ఇతడు వస్తాడని పోయిన బల్బులు, అటకెక్కిన గుండిగలు, బూజుపట్టిన పటాలు నెలల ముందు నుంచే కాచుకొని ఉంటాయి.

ఇక మిగిలినది చేదుగుళిక. ఇతనికి సఖినేటిపల్లిలో నేటివరకు దక్కిన చప్పట్లన్నీ వాలీబాల్‌కు దక్కినవే. కనుమ నాటి సాయంత్రం తోటలో మనిషి తక్కువైనప్పుడు, చరిత్ర చెప్పి మనసులు నొప్పించినవాడని తెలిసి కూడా, ఎత్తు చూసి ఇతనినే నెట్టు దగ్గర నిలబెడతారు. ఇతడు ‘నడివయసు వ్యాపారుల ఆట’ అని సణుగుతూనే బూట్లు విప్పి, చెట్టు మొదట భద్రంగా పెట్టి, ఎదుటివారి స్మాష్‌లన్నిటినీ రెండు చేతులతో అడ్డుకుంటాడు. గట్టు మీది జనం ఈల వేస్తే ముఖం తిప్పుకుంటాడు గాని, మర్నాడు ఉదయమే ఆ మ్యాచ్ వీడియో ఎవరైనా తీశారా అని విచారిస్తాడు.

పాఠకులకు ఒక మనవి. నరసాపురం రేవులో చంకన బూట్లు పెట్టుకొని వట్టికాళ్ళతో నిలబడిన పొడుగాటి మనిషి తారసపడితే సాత్విక్ ప్రస్తావన తేకుండా, అతని ఫోనులో ఒక్క క్వార్టరు, అంటే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పది నిమిషాల ఆట, అతనితో కలిసి చూడగలరు. పంటు ఎలాగూ ఆ లోపల రాదు.