ఉత్త పాయింట్ల టీక

మూలము: “యాప్ మార్చినారన్నా! దుడ్లు లేవంట, ఉత్త పాయింట్లంట. ఇంగ దేనికి ఆడల్ల?”

అవతారిక: ఐపీఎల్ దినములలో, ఏడు గంటలకు టాసు పడి ఆడువారి పట్టిక వెలువడినది మొదలు ఏడున్నరకు తొలి బంతి పడుదాక, ఆదోని పత్తి మార్కెట్టు యార్డులో బోరెములకు చేరగిలబడి, వ్రేలికంటిన దూది ఫోను తెరమీద రాలుచున్నను లెక్కసేయక జట్టు దిద్దుకొనుటయందు ఆరితేరిన యొక యువకుడు, ఎమ్మిగనూరినుండి వచ్చిన యన్నతో మొఱపెట్టుకొనిన వాక్యమిది.

ప్రతిపదార్థము: యాప్ = డ్రీమ్ ఎలెవెన్; మార్చినారు = మార్చిరి (ఎవరు మార్చిరో చెప్పలేదు, దుఃఖాతిశయమున కర్త లోపించుట మహాకవులకును కలదు); దుడ్లు = ధనము (కన్నడసీమ పొరుగగుటచే ఎమ్మిగనూరి ప్రతిలోను ఇదే పాఠము); ఉత్త = వట్టి; అన్నా = తానును పోగొట్టుకొనినవాడా!

తాత్పర్యము: 2020 సెప్టెంబరులో, ఎడారి దేశమున ఐపీఎల్ సాగుచుండగానే, రాష్ట్ర ప్రభుత్వము పందెపుటాటలను నిషేధించెను. కర్ణాటకము తెచ్చిన యట్టి నిషేధమును మాత్రము 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టివేయుటచే, ఆదోనిలో చెల్లనిది తుంగభద్ర వంతెన దాటినంతనే రాయచూరిలో చెల్లెను. అందువలన ఇతడు జట్టును ఎంచి చెప్పుట, రాయచూరి బావ తన ఫోనులో వేయుట, గెలిచినదానిలో చెరిసగము పంచుకొనుట యను సంప్రదాయ మేర్పడెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టముతో బావకును దారి మూసికొనిపోయెను. కంపెనీ పందెములు మాని ఉచితపుటాటలను మిగిల్చెను. భారత జట్టు చొక్కామీది దాని పేరు సైతము సెప్టెంబరునాటి ఆసియా కప్పులో కానరాలేదు.

విశేషములు: ఆట మారెనని వాపోవుట పూర్వపక్షము. పదకొండుగురి నెన్నుకొనుటను గాని, కెప్టెనుకు రెండింతలు, వైస్ కెప్టెనుకు ఒకటిన్నర ఇంతలు పాయింట్లిచ్చు సూత్రమును గాని చట్టము ముట్టలేదు. ఇది నైపుణ్యప్రధానమైన క్రీడయని 2017లో పంజాబు హర్యానా హైకోర్టు చెప్పిన మాటను, ఇంట తల్లి కోపించినప్పుడెల్ల ఇతడు వేదవాక్యమువలె వల్లించెడివాడు. ఆ నైపుణ్యమంతయు నేటికిని ఇతనియొద్దనే యున్నది, ప్రదర్శించుటకు కాసు ఖర్చును లేదు. అయినను “దేనికి ఆడల్ల” అనుచున్నాడు. ఇంతకన్న నిజాయితీగల సాక్ష్యము ఏ న్యాయస్థానమునకును లభింపలేదని టీకాకారుని మతము.

ఇక, చట్టమునకు పూర్వము గెలిచినదానిలో బావ చెల్లింపవలసిన సగపాలు రద్దు కాలేదు. రాయచూరివారు గమనింపగలరు.